రెండు బెత్తెల దూరం

నా బీరువాలో మాక్రో అనిపించుకునే లెన్సులు మూడున్నాయి. మొదటిదాని మీద ఆ మాట ఊరికే అచ్చేసి ఉంది. రెండోది మంచిదే గానీ నేను కొన్న పనికి అక్కరకు రాలేదు. మూడోదానితో పదేళ్ళుగా కాపురం చేస్తున్నాను. నేరుగా ఆ మూడోదాని దగ్గరికే వెళ్ళి ఉంటే ఎంత మిగిలేదో మా ఆవిడ దగ్గర లెక్క ఉంది. పండగ పండక్కీ చదివి వినిపిస్తుంది.

తణుకులో నాకో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫోటోలు, పాత ఫోటోలు బాగుచేయడం. ఈ దగ్గర ఫోటోల పిచ్చి పట్టించింది మా వీధి చివర నగల కొట్టు షావుకారుగారు. కొత్త డిజైన్లన్నీ ఆల్బమ్ కట్టించాలని ముక్కుపుడకలు, జుంకాలు ఒక పళ్ళెంలో పోసి నా ముందు పెట్టారు. నా దగ్గర జూమ్ ఉంది, దాని మీద మాక్రో అని బంగారు రంగు అక్షరాలు కూడా ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. తీసి చూస్తే ముక్కుపుడక ఫ్రేములో మల్లెమొగ్గంత కూడా లేదు. కత్తిరించి పెద్దది చేస్తే రాళ్ళు మసకలు. ఆ బంగారు అక్షరాల పక్కనే చిన్న అంకెల్లో 1:4 అని రాసి ఉండటం అప్పుడు చూశాను. అన్నాళ్ళూ అది ఏ మోడల్ నంబరో అనుకున్నాను.

అసలు సంగతంతా ఆ అంకెలోనే ఉంది. వస్తువు ఎంత ఉందో కెమెరా లోపలి సెన్సర్ మీద బొమ్మ కూడా సరిగ్గా అంతే పడితే అది 1:1. రెండు మిల్లీమీటర్ల ఆవగింజ సెన్సర్ మీదా రెండు మిల్లీమీటర్లే. అయినా సెన్సరే చిన్నది కదా! నా కెమెరాలోది 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 ఎత్తు. ఆ ఫోటోని ఏ4 కాగితం నిండా వేస్తే ఆవగింజ చిన్న ఉసిరికాయంత కనిపిస్తుంది. 1:4 అంటే బొమ్మ సెన్సర్ మీద నాలుగో వంతే. అసలైన మాక్రో లెన్స్ అంటే 1:1 దాకా వెళ్ళేదని మా వాళ్ళ మాట. 1:2 వాటిని కూడా మర్యాదకి మాక్రో అంటాం. అంతకన్నా తక్కువ వాటి మీద ఆ మాట ఉంటే అది దేవుడి పేరు పెట్టుకున్న ఆటో లాంటిదే.

సరే, 1:1 లెన్స్ కొందామని విజయవాడ వెళ్ళాను. ఏ కొట్టో చెప్పను, ఆ కుర్రాడు నాకేం అపకారం తలపెట్టలేదు. 105 మిల్లీమీటర్ల లెన్స్ ధర చూసి నా ముఖం మాడిపోవడం గమనించి, "ఇదిగోండి సార్, నికాన్ 40. ఇది కూడా ఒకటికి ఒకటే, బొమ్మ సైజులో తేడా ఏం ఉండదు, సగం డబ్బులు కూడా పడవు" అన్నాడు. అతను చెప్పిన ప్రతి మాటా నిజమే. నేను అడగాల్సింది అడగలేదు, అంతే.

మర్నాడు షావుకారుగారి హారం ఒకటి పెట్టుకుని దాని ముందు కూర్చున్నాను. బొమ్మ పెద్దది కావాలంటే దగ్గరికి జరగాలి. జరిగాను. ఇంకా జరిగాను. చివరికి లెన్స్ గాజుకీ హారానికీ మధ్య మిగిలింది రెండు వేళ్ళ సందు, కొలిస్తే మూడున్నర సెంటీమీటర్లు. లైటు ఎటు నుంచి పెట్టినా లెన్స్ నీడ నగ మీదే. పైగా బంగారం అద్దం లాంటిది. షావుకారుగారు ఫోటో చూసి, "ఏంటండీ ఇది, లాకెట్టు మధ్యలో నల్లగా గుండ్రంగా?" అని అడిగారు. అది నా లెన్సే. ముందు గాజు, దాని చుట్టూ రాసిన అంకెలతో సహా లాకెట్టులో చక్కగా దిగింది.

కాబట్టి మాక్రో లెన్స్ కొనేవాళ్ళకి నేను ముందు చెప్పే మాట ఇది. 40 కానీ, 60 కానీ, 105 కానీ, 200 కానీ, 1:1 అయితే అన్నీ వస్తువుని ఒకే సైజులో చూపిస్తాయి. అంకె పెరిగితే పెరిగేది బొమ్మ కాదు, మధ్యలో జాగా. అదే బొమ్మని 105తో తీస్తే గాజుకీ వస్తువుకీ మధ్య పదిహేను సెంటీమీటర్లు, అంటే రెండు బెత్తెలు. 200తో అయితే జానెడు పైనే. మనం కొనేది ఆ జాగాని. లైటు దూరేది అక్కడే, పురుగు బెదరకుండా ఉండేది కూడా దాని వల్లే.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. డబ్బా మీద "కనీస ఫోకస్ దూరం" అని రాస్తారు. 40కి 16.3 సెంటీమీటర్లు, 105కి 31.4. పదహారు సెంటీమీటర్లంటే బాగానే ఉందే అనుకుంటాం. ఆ కొలత లెన్స్ ముందు నుంచి కాదు, కెమెరా లోపలి సెన్సర్ దగ్గర నుంచి. కెమెరా నెత్తి మీద ఒక చిన్న గుండ్రం, దాని మధ్యగా ఒక గీత ఉంటుంది చూడండి, కొలత మొదలయ్యేది అక్కడ. అందులో కెమెరా మందం, లెన్స్ పొడవు పోగా మిగిలేదే మన సొమ్ము. లెన్స్ ముందు తొడిగే హుడ్ ఉంటే అది కూడా కొంత మింగేస్తుంది.

నగల పని ఎలాగో పక్క నుంచి తీసి ముగించాను. కానీ 40 చేతిలో ఉంది కదా అని పెరట్లో నిమ్మచెట్టు దగ్గరికి వెళ్ళడం మొదలైంది. నిమ్మచెట్టు ఉన్న ఇంట్లో పురుగులకి కరువుండదు. నలుపూ పసుపూ కలిసిన నిమ్మ సీతాకోకచిలుక లేత ఆకు మీద ఒక్కో గుడ్డే పెట్టి పోతుంది, లేత పసుపు రంగు పూసలా, మిల్లీమీటరు ఉంటుందేమో. దాన్నుంచి వచ్చే చిన్న గొంగళి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పిట్టలు తినకుండా అదో వేషం. గుడ్డు కదలదు కాబట్టి 40తో వచ్చింది, అదీ లెన్స్ కొనతో ఆకుని ఓ పది సార్లు పొడిచాక. తూనీగ మాత్రం ఒక్కటీ దక్కలేదు. జానెడు దూరంలో కూర్చోనిస్తుంది, బెత్తెడులోకి వెళ్తే ఎగిరిపోతుంది. గెంతే సాలీడు ఒకటి మాత్రం ఎగిరిపోలేదు. లెన్స్‌లో తన నీడ చూసుకుందో ఏమో, ఏకంగా గాజు మీదకి దూకింది.

ఆ ఏడు పెళ్ళిళ్ళ సీజన్ అవగానే 105 కొన్నాను, సెకండ్ హ్యాండ్‌లో. తేడా నాకు బాగా తెలిసింది ఆరుద్ర కార్తెలో. తొలకరి పడ్డ మర్నాడు ద్వారకా తిరుమల వైపు మా తోడల్లుడి మెట్ట చేలో ఎర్ర నేల మీద ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తీసుకెళ్ళిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, ముఖమల్ గుడ్డ ముక్కకి కాళ్ళొచ్చి నడుస్తున్నట్టుంటుంది. కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది. కీటకం కాదు, సాలీడుకి చుట్టం. చిటికెన వేలి గోరంత ప్రాణి. నేల మీద బోర్లా పడుకుని, కెమెరాని బియ్యం పోసి కుట్టిన గుడ్డ సంచి మీద ఆన్చి, రెండు బెత్తెల దూరం నుంచి చూశాను. దాని దారిన అది నడుస్తోంది. నా ఉనికి దానికి లెక్కలేదు. 40తో అయితే ఈపాటికి దాని మీద నీడ పడేది, కాళ్ళు ముడుచుకుని గుండులా ఉండిపోయేది.

మొదటి ఇరవై ఫోటోలూ చెత్తబుట్టకే. కారణం లెన్స్ కాదు. 1:1 దగ్గర లెన్స్ రంధ్రాన్ని, అంటే అపెర్చర్‌ని, ఎఫ్ 11 దాకా మూసినా స్పష్టంగా కనిపించే మందం నా కెమెరాకి మిల్లీమీటరు కూడా ఉండదు. ముందు కాళ్ళు దిద్దినట్టు వస్తే వెనక వీపు అంతా ఎర్ర మసక. నా ఊపిరికి కెమెరా ఒక మిల్లీమీటరు ఊగితే చాలు, పోయింది. అప్పుడు ఆటోఫోకస్ ఆపేశాను. లెన్స్‌ని 1:1 దగ్గర కట్టేసినట్టు ఉంచి, నా మెడనే ముందుకీ వెనక్కీ నెమ్మదిగా కదుపుతూ, పురుగు ముఖం స్పష్టంగా కనబడిన క్షణాన నొక్కడం. ఈ పని చేసేవాళ్ళంతా చివరికి దీనికే వస్తారు. అందుకే మాక్రో లెన్స్‌లో వేగంగా పరిగెత్తే ఆటోఫోకస్ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. పాత డి రకం నికాన్ లెన్సులు మోటారు లేని చిన్న కెమెరాల మీద ఆటోఫోకస్ చేయవు, అందుకే చవగ్గా దొరుకుతాయి. పురుగుల పనికి వాటితో వచ్చిన నష్టమేం లేదు.

మందం చాలకపోతే అపెర్చర్ ఇంకా మూసేయొచ్చు కదా అని అడుగుతారు. మూయొచ్చు, కానీ దగ్గరికి వెళ్ళేకొద్దీ లెన్స్ కొంత వెలుతురు తినేస్తుంది. 1:1 దగ్గర లెక్క ప్రకారం ఎఫ్ 16 అంటే ఎఫ్ 32 కింద పనిచేస్తుంది. అంత సన్నటి రంధ్రం గుండా వెళ్ళే కాంతి చెదిరి, మందం వచ్చినా పదును పోతుంది. నేను 11 దాటను. నికాన్ కెమెరాలైతే ఈ తరుగుదలని తెర మీదే చూపిస్తాయి. ఎఫ్ 2.8 లెన్స్ కొన్నవాళ్ళు దగ్గరికి వెళ్ళగానే 4 దాటిన అంకె చూసి, లెన్స్ పాడైందని నా దగ్గరికి పట్టుకొస్తుంటారు. ఓపికున్నవాళ్ళు ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పాతిక ఫోటోలు తీసి, హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఒకటిగా కలుపుతారు. చచ్చిన పురుగుకీ నగకీ అది దివ్యంగా ఉంటుంది. నడిచే పురుగుని పాతిక ఫోటోల దాకా ఆగమని ఎలా చెప్తాం?

కాబట్టి రెండో ఖర్చు లైటు మీద. లెన్స్‌కి ఉన్నదంతా పోసి ఫ్లాష్‌కి ఏమీ మిగుల్చుకోనివాళ్ళని చాలామందిని చూశాను. ఎఫ్ 11 దగ్గర, ఆకుల నీడలో, ఫ్లాష్ లేకపోతే చేతిలో కెమెరా పట్టుకుని తీయలేం. లెన్స్‌లో వణుకు ఆపే ఏర్పాటు ఉందంటారు. ఉంది, నా 105లో కూడా ఉంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ దాని పస తగ్గుతుందని తయారుచేసినవాళ్ళే చెప్తారు. కెనన్ 2009లో తెచ్చిన 100 ఎల్ లెన్స్‌లో ఈ లోపాన్ని సరిచేయడానికి, చెయ్యి ఊగడంతో పాటు పక్కకి జరగడాన్ని కూడా అదుపు చేసే ఏర్పాటు పెట్టింది. మంచిదే. అయినా మన చెయ్యి ఆగినంత మాత్రాన గాలికి ఊగే ఆకు ఆగదుగా. దాన్ని ఆపేది ఫ్లాష్ మెరుపు ఒక్కటే. ఆ మెరుపు నేరుగా పడితే పురుగు వీపు మీద తెల్లటి మచ్చలు వస్తాయి, మధ్యలో తెర కావాలి. నా తెర మిఠాయి డబ్బా మూత, పాలరంగు ప్లాస్టిక్‌ది, లోపల ట్రేసింగ్ కాగితం అతికించాను. చూసిన ప్రతివాడూ నవ్వుతాడు. ఆ మూతని లెన్స్ మీదుగా ముందుకి వంచడానికి కూడా రెండు బెత్తెల జాగా కావాలని మాత్రం మర్చిపోకండి.

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివే మా మేనకోడలు ఒకరోజు ఫోన్ చేసింది.

"మావయ్యా, మిరప పువ్వులో తామర పురుగు ఫోటో కావాలి. ఏ లెన్స్ కొనమంటావు?"

"ఎంతుంటుందే అది?"

"మిల్లీమీటరు. నల్లగా ఉంటుంది."

2021-22లో మన రెండు రాష్ట్రాల మిరప రైతుల్ని ముంచిన నల్ల తామర పురుగు అదే. మిల్లీమీటరు పురుగుని 1:1లో తీస్తే ఫ్రేము ఎత్తులో పదిహేనో వంతు. పువ్వు బ్రహ్మాండంగా వస్తుంది, పురుగు మాత్రం కామాలా ఉంటుంది. నా 105 ఇచ్చినా దాని పని జరగదు. ఇలాంటివాళ్ళకి 1:1 దాటిన లెన్సులు వేరే ఉన్నాయి. లావోవా 100 రెండింతల దాకా వెళ్తుంది. కెనన్ 1999లో తెచ్చిన ఎంపీ-ఇ 65 ఒకటి నుంచి ఐదింతల దాకా పెద్దది చేస్తుంది. అది మాత్రం విచిత్రమైన జంతువు. దాంతో మనిషి ఫోటో తీయలేం, ఎదురుగా ఉన్న కొండనీ తీయలేం, దూరం అనేదే దానికి కనబడదు. ఫోకస్ అంతా చేత్తోనే.

కానీ చదువుకునే పిల్లకి అవన్నీ కొనిపెట్టే స్తోమత వాళ్ళ నాన్నకి లేదు, నాకూ లేదు. రీలు కెమెరాల కాలం నాటి 28 లెన్స్ ఒకటి స్టూడియో అటక మీద ఉంది. దానికి తిరగేసి బిగించే రింగు ఒకటి తెప్పించాను, మూడు వందలు. లెన్స్‌ని వెనకది ముందుకి వచ్చేలా కెమెరాకి తగిలిస్తే బొమ్మ దాదాపు రెండింతలవుతుంది. ఇందులో కిటుకు ఏంటంటే లెన్స్ మీద అపెర్చర్ తిప్పే రింగు ఉండాలి. ఇప్పటి లెన్సులకి అది ఉండదు. నికాన్ జి రకం లెన్స్‌ని తిరగేస్తే అపెర్చర్ మూసుకుపోయి ఏమీ కనబడదు. అందుకే అటక వెతకమనేది.

ఇంకో దారి ఎక్స్‌టెన్షన్ ట్యూబు, గాజు లేని ఖాళీ గొట్టం. లెక్క సులువు. 50 లెన్స్‌కి 25 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే అర్ధం, 50 వేస్తే ఒకటి. అదే గొట్టం 200 లెన్స్‌కి వేస్తే ఏమంత తేడా రాదు. పెద్ద జూమ్ ఉన్నవాళ్ళకి రేనాక్స్ 250 అనే చిన్న భూతద్దం ఉంది, ముందు చిటికెలో తగిలించుకోవచ్చు. దాంతో 250 జూమ్ కూడా దాదాపు రెండింతల దాకా వెళ్తుంది. మా మేనకోడలిలా ఇంకా ఏ పురుగుల మీద మనసు నిలుస్తుందో తెలియనివాళ్ళు ఈ చిల్లర సరంజామాతో ఆరు నెలలు గడపాలన్నది నా మాట. పిచ్చి ముదిరాక లెన్స్ కొనుక్కోవచ్చు, తగ్గిపోతే మూడు వందలే నష్టం. ఫోన్లు కూడా ఈ పని చేస్తున్నాయి. చవక ఫోన్ల వెనక రెండు మెగాపిక్సెల్ మాక్రో అని పెట్టే కన్ను మాత్రం నా మొదటి జూమ్‌కి మనవడు.

ఇంతకీ బీరువాలో 40 ఏమైందని అడగొచ్చు. అది అమ్మలేదు. నికాన్ వాళ్ళు వీటిని మాక్రో అనరు, మైక్రో అంటారు. దానికో కథ ఉంది. 1956లో వాళ్ళు తెచ్చిన మొదటి మైక్రో-నిక్కార్ 5 సెంటీమీటర్ల లెన్స్ పురుగుల కోసం కాదు, మైక్రోఫిల్ము కోసం. జపాన్ అక్షరాల్లో గీతలు ఎక్కువ. అప్పటి లెన్సులతో పుస్తకం పేజీని ఫిల్ముకి ఎక్కిస్తే ఆ గీతలు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. అవి విడివిడిగా కనబడాలని చేసిన లెన్స్ అది. మన అక్షరాలు మాత్రం తక్కువ తిన్నాయా? తాతలనాటి దస్తావేజుల్లో వత్తులూ సుడులూ చూడండి. ఇప్పుడు నా 40 స్టాండుకి తలకిందులుగా వేలాడుతూ పాత ఫోటోలు, పొలం కాగితాలు, పెళ్ళి శుభలేఖలు కాపీ తీస్తుంది. కాగితం ఎక్కడికీ ఎగిరిపోదు. కాగితం పెద్దది కాబట్టి మరీ దగ్గరికి పోనక్కర్లేదు, నీడ బాధా లేదు. మొదటి నుంచీ దానికి రాసిపెట్టిన పని అదే, తీసుకెళ్ళి నిమ్మచెట్టు మీద పెట్టింది నేను.

పాములూ తొండలూ తూనీగలూ మాత్రమే తీసేవాళ్ళకి 150, 180, 200 బాగుంటాయి. కాకపోతే బరువు, స్టాండు లేకుండా కష్టం. మిగతా వాళ్ళందరికీ, అంటే వారంలో ఓ రోజు పెరట్లో, ఓ రోజు నగల దగ్గర, ఓ రోజు చంటిపిల్ల బొమ్మ కూడా తీసుకునేవాళ్ళకి, 90 నుంచి 105 మధ్యలో ఏదైనా కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. టామ్రాన్ 90 కానీ, కెనన్ 100 కానీ, నికాన్ 105 కానీ, వాటి మధ్య పదును గురించి జరిగే వాదాలన్నీ మీ చేతి వణుకు ముందు దిగదుడుపే. చెడ్డ మాక్రో లెన్స్ చేయడం కంపెనీలకి కూడా కష్టమే అనిపిస్తుంది నాకు.

సెకండ్ హ్యాండ్ అయితే మాత్రం మన కోస్తా గాలిని గుర్తుపెట్టుకోండి. లెన్స్‌ని చీకట్లో పట్టుకుని వెనక నుంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు లాంటి సన్నటి నూలు కనబడితే అది బూజు, ఎంత చవకైనా వద్దు. ధూళి నాలుగు రవ్వలున్నా ఫరవాలేదు.

కొట్టుకి వెళ్ళేటప్పుడు జేబులో పది రూపాయల బిళ్ళ ఒకటి వేసుకోండి. దాని అడ్డం 27 మిల్లీమీటర్లు. కౌంటరు మీద పెట్టి, ఫోకస్ కుదిరినంత దగ్గర నుంచి తీయండి. నిజమైన 1:1 లెన్స్ అయితే నాలాంటి చిన్న సెన్సర్ కెమెరాలో బిళ్ళ ఫ్రేములో పట్టదు, నాలుగు వైపులా తెగుతుంది. ఫుల్ ఫ్రేము అనే పెద్ద సెన్సర్ కెమెరాలో పైనా కిందా కొంచెం తెగుతుంది. బిళ్ళ మొత్తం పట్టి చుట్టూ కౌంటరు కూడా కనబడుతుంటే ఆ లెన్స్ మీద బంగారు అక్షరాలున్నా సరే, వెనక్కి ఇచ్చేయండి. బిళ్ళ తెగిందా, అప్పుడు కెమెరా కదపకుండా బిళ్ళకీ గాజుకీ మధ్య మీ నాలుగు వేళ్ళూ అడ్డంగా పెట్టి చూడండి. వేళ్ళు పట్టకపోతే పురుగుల కోసం దాన్ని కొనకండి.